గరళం ఆగే చోటు: మడ చెట్లూ భారలోహాలూ

(జులై 26, అంతర్జాతీయ మడ అడవుల దినోత్సవం నాడు కాకినాడలో విద్యార్థులు, మత్స్యకారులు కలిసి విన్న ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న తీరప్రాంతపు పెద్దలకు మరో నమస్కారం. ఈరోజు నేను మాట్లాడబోయే చెట్లను నాకు మొదట చూపించింది మీలాంటివాళ్ళే. పుస్తకాలు తర్వాత వచ్చాయి.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ ఒక మాట అన్నారు. మడ చెట్టు నీలకంఠుడి లాంటిది, ఊళ్ళూ ఫ్యాక్టరీలూ వదిలిన విషమంతా తాను తాగి మనల్ని కాపాడుతోంది అన్నారు. మాట అందంగా ఉంది, కాదనను. కానీ ఒక్క ప్రశ్న అడగనివ్వండి. శివుడు హాలాహలాన్ని కడుపులోకి పోనిచ్చాడా? లేదు. గొంతులో ఆపాడు. మరి మడ అడవిలో ఆ గొంతు ఎక్కడుంది? ఆకులో ఉందా? కాండంలో ఉందా? వేళ్ళలో ఉందా? ఇంకెక్కడైనా ఉందా? ఈరోజు నేను చేయబోయేదంతా ఆ గొంతును వెతకడమే. దొరికాక అధ్యక్షులవారి పోలికను కొంచెం మార్చమని అడుగుతాను. ఆయన ఏమీ అనుకోరని నమ్మకం.

ముందు చెట్టును చూద్దాం. మీలో మన కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవికి వెళ్ళినవాళ్ళు చేతులెత్తండి. దాదాపు అందరూ వెళ్ళారన్నమాట. సరే, చొల్లంగి దగ్గర చెక్క వంతెన మీద నడిచినవాళ్ళలో తెల్ల మడ ఆకును నాకి చూసినవాళ్ళు ఎందరు? ఒకరు, ఇద్దరు. ఆ ఇద్దరికీ నా అభినందనలు. మిగతావాళ్ళకు వంద ఫోటోలు మిగిలాయి, రుచి మాత్రం తెలియలేదు.

నేను చదువుకునే రోజుల్లో మమ్మల్ని పడవలో తీసుకెళ్ళిన పెద్దాయన ఒకరు తెల్ల మడ ఆకు తుంచి చేతిలో పెట్టి, "నాలిక మీద పెట్టుకో బాబూ" అన్నారు. పెట్టుకున్నాను. ఉప్పు! ఆకు మీద సన్నటి ఉప్పు పలుకులు. "చెట్టుకు చెమట పడుతుంది" అన్నారాయన. తర్వాత పాఠ్యపుస్తకంలో లవణ గ్రంథులు అని చదివాను. ఆయన చెప్పినదే అక్కడా ఉంది, కాకపోతే బొమ్మ గీసి మార్కులు వేశారు.

ఈ ఉప్పు సంగతి ఎందుకు చెబుతున్నానంటే, లోహాల కథంతా ఇక్కడే మొదలవుతుంది. మడ చెట్టు నిలబడిన నీటిలో మీ పెరటి మామిడి చెట్టును నిలబెడితే ఎన్నాళ్ళు బతుకుతుంది? మడ చెట్టు మాత్రం బతుకుతుంది. ఎలా? మొదట వేరు దగ్గరే ఉప్పును ఆపేస్తుంది. నూటికి తొంభై పాళ్ళకు పైగా ఉప్పు బయటే నిలిచిపోతుంది. తప్పించుకుని లోపలికి వచ్చినదాన్ని తెల్ల మడ, నల్ల మడ, గుగ్గిలం అనే మడ జాతులు ఆకుల మీద ఉన్న గ్రంథులతో బయటికి నెట్టేస్తాయి. ఉప్పు పొన్న అనే ఇంకో మడ జాతికి ఆ గ్రంథులు లేవు, అది వేరు దగ్గర కాపలానే ఎక్కువగా నమ్ముకుంది. అంటే ఈ చెట్లకు అక్కరలేనిదాన్ని గుమ్మం దగ్గర ఆపే అలవాటు తరతరాలుగా ఉంది. ఇంత ఎక్కువ లోహం మాత్రం కొత్త చుట్టం. ఆ చుట్టాన్ని ఆపడానికి చెట్టు వాడేది చాలావరకు ఆ పాత కాపలానే.

ఇప్పుడు భారలోహాలంటే ఏవి? సీసం, కాడ్మియం, పాదరసం, రాగి, జింకు, క్రోమియం, నికెల్, ఇలాంటివి. ఆర్సెనిక్‌ను కూడా ఈ జాబితాలో కలిపి మాట్లాడుతుంటారు, అది అచ్చమైన లోహం కాకపోయినా. వీటిలో రెండు జాతులున్నాయి. రాగి, జింకు చెట్టుకు కావాలి. కొంచెం కావాలి, కానీ తప్పకుండా కావాలి. అవి లేకపోతే ఎంజైములు పనిచేయవు. సీసం, కాడ్మియం, పాదరసం మడ చెట్టుకు ఎందుకూ పనికిరావు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, దీనికి మళ్ళీ వస్తాను. ఎందుకంటే అవసరమైనవాటి కోసం తలుపు తెరవక తప్పదు, తెరిస్తే అక్కరలేనివి కూడా దూరతాయి. కాడ్మియం రూపంలో జింకుకు దగ్గర చుట్టం. జింకు కోసం తీసిన తలుపులోంచే లోపలికి వస్తుంది. సంతకాల పోలికతో బ్యాంకులో డబ్బు తీసుకున్నట్టు.

ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? ఓడల అడుగుకు గుల్లలు పట్టకుండా వేసే రంగుల్లో రాగి ఉంటుంది. ఫాస్ఫేటు ఎరువుల్లో కాడ్మియం జాడలుంటాయి. చెరువుల్లో నాచు చావడానికి మైలుతుత్తం వేస్తారు, అంటే కాపర్ సల్ఫేటు. పాత బ్యాటరీలు, రంగులు, ఊరి మురుగు, ఓడరేవుల్లో ఎత్తిపోసే ఖనిజాల ధూళి కూడా ఉన్నాయి. మన దేశంలో 2000 సంవత్సరం దాకా పెట్రోలులోనే సీసం కలిపి అమ్మారు. అది గాలిలోకి వెళ్ళి, వానలో దిగి, కాలువల వెంట వచ్చి చేరింది. పెట్రోలులో మానేశాం కాబట్టి ఆ సీసం పోయిందా? ఎక్కడికి పోతుంది? సీసం కుళ్ళదు, ఇగరదు, పాతబడదు. ఆ సంవత్సరాల పొర మీద తర్వాతి సంవత్సరాల ఒండ్రు పడింది, అంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పి ముందుకు వెళతాను. ఇది ముఖ్యంగా ప్రాజెక్టులు రాసే విద్యార్థులకు. గోదావరి ఎక్కడ పుట్టింది? నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. అక్కడి నుంచి చాలా దూరం నల్ల బసాల్టు రాళ్ళ మీదుగా, నల్లరేగడి నేలల మీదుగా వస్తుంది. ఆ రాళ్ళలో సహజంగానే ఇనుము, రాగి, నికెల్, క్రోమియం ఎక్కువ. అంటే మనుషులెవరూ లేని కాలంలో కూడా కోరింగ బురదలో ఈ లోహాలు కొంత ఉండేవి. మీరు ఒక డబ్బా బురద తెచ్చి, రాగి ఇంత ఉంది, కాలుష్యం, కాలుష్యం అని కేకలు పెట్టకండి. రాళ్ళ మట్టిలో సహజంగా ఉండే అల్యూమినియంతో పోల్చి చూడండి, లోతు పొరలతో పోల్చి చూడండి, కొండ నుంచి వచ్చింది ఎంత, ఫ్యాక్టరీ గొట్టం నుంచి వచ్చింది ఎంత అని విడదీయండి. ఇది చేయని వ్యాసాలు చాలా చదివాను. కొన్నిటికి పరీక్షకుడిగా మార్కులు కూడా వేశాను, తగ్గించే వేశాను.

సరే. నదితో వచ్చిన లోహం మడ అడవి దగ్గరికి చేరింది. ఇప్పుడేం జరుగుతుంది?

వేగం తగ్గుతుంది. ఊతవేళ్ళు, శ్వాసవేళ్ళు, మొదళ్ళు అన్నీ కలిసి నీటిని నెమ్మదింపజేస్తాయి. నల్ల మడ కింద చూడండి, మేకులు పాతినట్టు వేల శ్వాసవేళ్ళు లేచి ఉంటాయి. నీరు నెమ్మదించగానే మోసుకొచ్చిన సన్నటి మట్టి కింద కూర్చుంటుంది. లోహం ఎక్కువగా ఆ సన్నటి మట్టి రేణువులకే అంటుకుని వస్తుంది. ఇసుకకు అంతగా అంటుకోదు. అందుకే ఇసుక తీరంలో కంటే మడ బురదలో లోహం ఎక్కువ. అడవి మురికిగా ఉందని కాదు, అడవి పట్టుకుంటోందని అర్థం.

ఇప్పుడు ఆ బురదలో కాలు పెట్టండి. పెట్టారా? ఏం వాసన వచ్చింది? కుళ్ళిన కోడిగుడ్డు వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను అసలు ఆ వాసన కోసమే వెళతాను. ఎందుకంటే ఈ కథలో సగం ఆ వాసనలోనే ఉంది.

వేలెడు లోతు దాటితే మడ బురదలో ప్రాణవాయువు ఉండదు. అక్కడి బాక్టీరియాలు ఊపిరి ఎలా తీసుకుంటాయి? సముద్రపు నీటిలో ఉన్న సల్ఫేటుతో. సల్ఫేటును వాడుకుని సల్ఫైడును వదులుతాయి, రెండూ గంధకం రూపాలే. ఆ కంపు దానిదే. ఈ సల్ఫైడుకు లోహాలంటే ఎంత ఇష్టమో చెప్పలేను. సీసం వస్తే సీసాన్ని, జింకు వస్తే జింకును, కాడ్మియం వస్తే కాడ్మియాన్ని పట్టుకుని నీటిలో కరగని పదార్థంగా మార్చేస్తుంది. అసలు గనుల్లో సీసం, జింకు ఏ రూపంలో దొరుకుతాయి? సల్ఫైడులుగానే. మనం గనిలోంచి తవ్వి, గంధకాన్ని వేరుచేసి, లోహం తీసి, వాడి పారేస్తే, మడ బురద దాన్ని మళ్ళీ గంధకంతో కలిపి గనిలో ఉన్న రూపానికి తెస్తోంది. అర్థమైందా? కరగనిదాన్ని వేరు పీల్చలేదు. లోహం అక్కడే ఉంది, వేరు పక్కనే ఉంది, కానీ వేరుకు అందదు.

కాబట్టి అధ్యక్షులవారూ, గొంతు దొరికింది. గొంతు చెట్టులో లేదు. బురదలో ఉంది.

ఇది ఊహ కాదు. బ్రెజిల్‌లో రియో డి జనీరోకు పడమరగా సెపెటీబా అనే అఖాతం ఉంది. దాని ఒడ్డున పనిచేసిన జింకు కర్మాగారం జింకు, కాడ్మియం వ్యర్థాలను ఎన్నో ఏళ్ళు వదిలింది. అక్కడి ఎర్ర మడ తోపులో, అంటే మన ఉప్పు పొన్నకు దాయాది చెట్ల మధ్య, బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్క తీశారు. మొత్తం లోహంలో చెట్టులో ఎంత, మట్టిలో ఎంత అని. 1990లో ఆ లెక్క అచ్చయింది. ఆకు, కొమ్మ, కాండం, వేరు అన్నీ కలిపినా నూటికి ఒక వంతు కూడా రాలేదు. మిగిలినదంతా మట్టిలోనే ఉంది. మళ్ళీ చెబుతాను, నూటికి ఒక వంతు కూడా చెట్టులో లేదు. అలాంటప్పుడు మడ చెట్లు విషాన్ని పీల్చి శుభ్రం చేస్తాయి అనే మాట ఎంతవరకు నిజం?

మరి చెట్టు ఏమీ చేయదా? చేస్తుంది. చాలా చేస్తుంది. ఇప్పుడు వేరు దగ్గరికి వెళదాం.

బురదలో గాలి లేదన్నాను. మరి వేరు ఎలా బతుకుతుంది? శ్వాసవేళ్ళతో పైనుంచి గాలి పీల్చి, లోపల గుల్లగా ఉన్న కణజాలం గుండా కిందికి పంపుతుంది. ఆ గాలిలో కొంత వేరు చర్మం గుండా బయటికి కారుతుంది. బురదలో కరిగి ఉన్న ఇనుముకు ఆ ప్రాణవాయువు తగలగానే ఏమవుతుంది? తుప్పు పడుతుంది. వేరు చుట్టూ ఎర్రటి తుప్పు పొర కడుతుంది. వేరును జాగ్రత్తగా కడిగి చూస్తే కంటికే కనిపిస్తుంది, పాత మేకు మీద ఉన్నట్టే. ఆ తుప్పు పొర లోహాలను, ఆర్సెనిక్‌ను అంటించుకుంటుంది. అది మొదటి అడ్డు.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాచను. ఆ కారిన ప్రాణవాయువే వేరు పక్కన ఉన్న సల్ఫైడును కూడా విడగొడుతుంది. అప్పుడు గంధకం వదిలేసిన లోహం మళ్ళీ నీటిలో కరుగుతుంది. అంటే చెట్టు ఊపిరి తీసుకుంటూనే తన చుట్టూ కొంత విషాన్ని విప్పుతోంది, విప్పినదాన్ని తుప్పుతో పట్టుకుంటోంది. లోహం మరీ ఎక్కువైతే కొన్ని జాతులు ఏం చేస్తాయంటే, వేరు బయటి పొరలను గట్టిపరుచుకుని, బిరడాలో ఉండే పదార్థాన్ని ఇంకా పేర్చుకుని, గాలి కారడాన్నే తగ్గించేస్తాయి. లోహం రాకుండా తలుపు మూస్తే గాలి పోయే కిటికీ కూడా మూసుకుపోతుంది. ఉప్పు పొన్న కుటుంబంలోని చెట్ల మీద చైనా శాస్త్రవేత్తలు ఇది చూశారు. చెట్టుకు కూడా ఏదీ ఊరికే రాదు.

రెండో అడ్డు వేరు లోపల ఉంది. ఇంటర్మీడియట్‌లో వేరు అడ్డుకోత గీశారు, గుర్తుందా? మధ్యలో నాళాలు, వాటి చుట్టూ ఒక్క వరస కణాలు, అంతశ్చర్మం. ఆ కణాల గోడలకు కాస్పేరియన్ పట్టీలు. పరీక్షలో రెండు మార్కులకు వస్తుంది, తర్వాత మరిచిపోతాం. ఆ రెండు మార్కుల పట్టీయే మడ చెట్టు ప్రాణం. గోడల సందుల్లోంచి జారుకుంటూ వచ్చిన నీరు ఆ పట్టీ దగ్గర ఆగాల్సిందే. అక్కడి నుంచి కణం తనిఖీ చేసి లోపలికి పంపుతుంది.

ఆస్ట్రేలియాలో సిడ్నీ తీరపు తెల్ల మడ మీద జెఫ్ మెక్‌ఫార్లేన్, మార్గరెట్ బర్చెట్ అనే శాస్త్రవేత్తలు చాలా ఏళ్ళు పనిచేశారు. వాళ్ళు చూసినది మన తీరంలో ఉన్న తెల్ల మడ జాతినే. అందుకే వాళ్ళ లెక్కలు నాకు దగ్గరగా అనిపిస్తాయి. 2000లో వాళ్ళు ఏ కణంలో ఏ లోహం ఆగిందో సూక్ష్మదర్శినితో చూశారు. సీసం వేరు బయటి చర్మం దగ్గరే ఎక్కువగా ఆగిపోయింది. రాగి, జింకు ఆ చర్మం దాటాయి కానీ అంతశ్చర్మం దగ్గర తగ్గాయి. చూశారా, ఇందాక చెప్పిన రెండు జాతుల తేడా? పనికిరాని సీసాన్ని వీధి గుమ్మంలోనే ఆపింది. పనికొచ్చే రాగిని, జింకును వసారాలోకి రానిచ్చి, నడవ దగ్గర లెక్క అడిగింది.

2007లో మెక్‌ఫార్లేన్, మరో ఇద్దరు కలిసి వివిధ దేశాల మడ అడవుల్లో కొలిచిన లెక్కలన్నీ ఒకచోట పేర్చారు. వేరులో లోహం సుమారుగా చుట్టూ ఉన్న మట్టిలో ఎంత ఉందో అంతే ఉంది, లేదా తక్కువ ఉంది. ఆకులోకి వచ్చేసరికి వేరులో ఉన్న రాగిలో, జింకులో సగం, సీసంలో మూడో వంతు కంటే తక్కువ. అంటే ఈ చెట్లు లోహాన్ని పోగుచేసుకునే రకం కాదు. కొన్ని మొక్కలు ఉన్నాయి, నికెల్‌నో జింకునో మట్టిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఆకుల్లో దాచుకుంటాయి. మడ చెట్టు ఆ జాతి కాదు. ఇది ఆపే చెట్టు.

మరి ఆ సగం, ఆ మూడో వంతు ఆకు దాకా వచ్చాయి కదా, వాటిని ఏం చేస్తుంది? కణం గోడలకు అంటించి పెడుతుంది కొంత. కణం మధ్యలో రిక్తిక అనే సంచి ఉంటుంది, అందులో మూసి పెడుతుంది కొంత. మిగిలిన లోహం కణంలో విడిగా తిరిగితే ప్రమాదం. రాగి విడిగా తిరిగితే ఆక్సిజన్‌ను రెచ్చగొట్టి కణపు పొరలను కాల్చేస్తుంది, పత్రహరితాన్ని పాడుచేస్తుంది. కాడ్మియం ఎంజైములను పట్టుకుని కదలనివ్వదు. అందుకే కణం కొన్ని చిన్న ప్రోటీన్లను తయారుచేసి లోహాన్ని చుట్టి కట్టేస్తుంది. మెటల్లోథయోనిన్లు అంటారు. వీటిని మొదట 1957లో ఎక్కడ కనుక్కున్నారో తెలుసా? గుర్రం మూత్రపిండంలో! తర్వాత మొక్కల్లోనూ దొరికాయి. మడ చెట్లలోనూ వీటి జన్యువులు ఉన్నాయి, లోహం తగిలితే అవి మేలుకుంటాయి.

ఈ ప్రోటీన్ లోహాన్ని దేనితో పట్టుకుంటుంది? చెప్పండి చూద్దాం. వెనుక వరస? గంధకంతో! సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో ఉన్న గంధకంతో. బయట బురదలో బాక్టీరియా వదిలిన గంధకం, లోపల కణం సొంతంగా నేసుకున్న గంధకం. బయట పనిచేసిన రసాయనమే లోపల కూడా పనిచేస్తోంది. ఇది మొదటిసారి నాకు తట్టిన రోజు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లోవాళ్ళకు చెబితే "పడుకోండి" అన్నారు.

ఇక ఆకు మీది గ్రంథులు. రాగి, జింకు ఎక్కువ పెట్టి పెంచిన తెల్ల మడ ఆకులను కడిగితే, ఆ కడిగిన నీటిలో ఉప్పుతో పాటు ఆ లోహాలు కూడా కనిపించాయి. అంటే చెమటలో లోహం కూడా కొంత పోతోంది. ఆ మాట విన్నాక కూడా ఆకు నాకవచ్చా అని అడగకండి. ఒక్కసారి నాకితే ఏమీ కాదు, కావాలంటే నేనే మళ్ళీ నాకి చూపిస్తాను.

ముదురాకు రాలేటప్పుడు కొంత లోహం దానితో పాటు పోతుంది. చెట్టుకు బరువు తగ్గింది, బాగుంది. కానీ రాలిన ఆకు ఎక్కడ పడింది? బురదలో. ఎవరు తింటారు? చిన్న పీతలు లాక్కెళ్ళి కన్నాల్లో పెట్టుకుని తింటాయి. కుళ్ళిన ఆకు పొడిని రొయ్య పిల్లలు, గుల్లలు తింటాయి. పీతను చేప తింటుంది, చేపను కొంగ తింటుంది, కొంగ కంటే ముందు మనం తింటాం. మన ఊళ్ళ గేదెలు తెల్ల మడ ఆకు ఎంత ఇష్టంగా మేస్తాయో ఇక్కడ కూర్చున్న పెద్దలకు తెలుసు. ఆకులో లోహం తక్కువే అని చెప్పాను, నిజమే. తక్కువ అంటే సున్నా అని కాదు.

ఇప్పటిదాకా విన్నవాళ్ళకు మడ చెట్టుకు ఏమీ కాదనిపించి ఉంటుంది. అవుతుంది. పెద్ద చెట్టును చూసి మోసపోకండి, పిల్ల మొక్కను చూడండి. సిడ్నీలో తెల్ల మడ గింజలను రాగి కలిపిన మట్టిలో నాటారు. గ్రాము మట్టిలో రాగి 380 మైక్రోగ్రాముల దగ్గరికి వచ్చేసరికి సగం మొక్కలు సరిగా మొలకెత్తలేదు. 560 దాటేసరికి సగం చచ్చిపోయాయి. జింకు లెక్క కూడా ఇంచుమించు ఇంతే. అంతకంటే చాలా తక్కువలోనే ఆకులు చిన్నవయ్యాయి, వేర్లు గిడసబారాయి. సీసం మాత్రం పెద్దగా హాని చేయలేదు, వీధి గుమ్మంలోనే ఆగింది కాబట్టి. విచిత్రం చూడండి. మనిషికి సీసం అంటే హడల్, జింకు మాత్రలు కొనుక్కుని మింగుతాం. మడ మొలకకు సీసం కంటే జింకే ఎక్కువ ప్రమాదం. ఎందుకు? కావలసినదానికి తలుపు తెరిచి ఉంచింది కాబట్టి.

పెద్ద చెట్లు పచ్చగా నిలబడి ఉంటాయి. కింద మొలకలు లేవు. ఇరవై ఏళ్ళకు పెద్ద చెట్లు పడిపోతాయి, వాటి చోటుకు ఎవరూ రారు. పైనుంచి తీసిన ఉపగ్రహ చిత్రంలో మాత్రం ఇరవై ఏళ్ళూ పచ్చగానే కనిపిస్తుంది. అందుకే నేను విద్యార్థులకు తల పైకెత్తకండి, కిందికి చూడండి అని చెబుతుంటాను.

ఇప్పుడు నేను నిజంగా చెప్పదలచుకున్న మాటకు వస్తాను. లోహం బురదలో ఉంది, గంధకం పట్టుకుని ఉంది అన్నాను. ఆ పట్టు దేని మీద ఆధారపడింది? గాలి తగలకపోవడం మీద. తడిగా ఉండడం మీద. బురదను కదపకపోవడం మీద. చెట్టు ఉంటే బురద కొట్టుకుపోదు, ఆకులు రాలి కుళ్ళి గాలి లేకుండా ఉంచుతాయి, బాక్టీరియాలకు తిండి పెడతాయి. చెట్టును కొట్టేసి, పొక్లెయినుతో తవ్వి, గట్లు పోసి ఎండబెడితే? గాలి తగిలిన సల్ఫైడు ఆమ్లంగా మారుతుంది. రొయ్యల చెరువుల రైతులకు ఇది బాగా తెలుసు. కొత్తగా తవ్విన చెరువు గట్టు మీద పసుపు, ఎర్రటి మరకలు, నీళ్ళు పుల్లబడడం, బస్తాల కొద్దీ సున్నం వేయడం. సున్నం ఎందుకు వేస్తున్నారో తెలుసు. కానీ ఆ ఆమ్లంతో పాటు గంధకం వదిలేసిన లోహం కూడా నీటిలోకి దిగుతోందన్నది ఎవరూ లెక్కపెట్టరు. యాభై ఏళ్ళుగా దాచినది ఒక్క వేసవిలో బయటపడుతుంది.

విశాఖపట్నం లోపలి రేవు సంగతే చూడండి. 1933లో ప్రారంభమైన ఆ రేవును ఆటుపోట్లు ఆడే చిత్తడి నేలను తవ్వి కట్టారు. ఊరి గెడ్డలు, అంటే వాగులు, అందులోకే దిగుతాయి, చుట్టూ పరిశ్రమలు వచ్చాయి. అక్కడి బురదలో లోహాలు ఎక్కువగా ఉన్నాయని ఎన్నో పరిశోధనలు చెప్పాయి. రేవు అన్నాక లోతు తగ్గకుండా బురద తోడక తప్పదు, ఓడలు రావాలి, ఒప్పుకుంటాను. తోడిన బురదను ఎక్కడ పోస్తున్నాం, దానికి గాలి తగిలాక ఏమవుతుందన్న ప్రశ్న అడగడం మాత్రం తప్పు కాదు.

కాబట్టి అధ్యక్షులవారి పోలికను మారుద్దాం. పెద్దలు కథ చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా అంటారు. శివుడు విషం పుచ్చుకోగానే అది కిందికి దిగకుండా పార్వతీదేవి ఆయన గొంతు పట్టుకుందని. శివుడి గొంతు బురద. మడ చెట్టు పార్వతి. పట్టుకున్న చేతిని నరికేసి, గొంతులో విషం అలాగే ఉంటుందని అనుకోవడం మన తెలివి.

పాదరసం విషయం ఒకటి విడిగా చెప్పాలి. మిగతా లోహాలను కట్టేసే ఆ గాలిలేని బురద పాదరసంతో మాత్రం ఇంకో ఆట ఆడగలదు. కొంత పాదరసాన్ని సల్ఫైడు కట్టేస్తుంది, నిజమే. కానీ సల్ఫేటుతో బతికే ఆ బాక్టీరియాల్లోనే కొన్ని, పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. 1956లో జపాన్‌లో మినమాటాలో చేపలు తిన్నవాళ్ళ నరాలను దెబ్బతీస్తూ బయటపడిన జబ్బుకు కారణం ఆ మిథైల్ పాదరసమే. అక్కడ అది ఫ్యాక్టరీ నుంచే ఆ రూపంలో సముద్రంలోకి వచ్చింది. బురదలో పుట్టేది కొద్దికొద్దిగా పుడుతుంది. కొద్దిగానే పుట్టినా చేప నుంచి పెద్ద చేపకు పెరుగుతూ పోతుంది. మడ అడవి ఉంది కదా, అన్నిటినీ అదే చూసుకుంటుంది అనేవాళ్ళకు నేను పాదరసం పేరు చెబుతాను.

అక్కడ ఒక తమ్ముడు చెయ్యెత్తాడు. గట్టిగా అడగండి. ఆ, మరి మా చేపలు తినాలా మానాలా అంటున్నాడు. మంచి ప్రశ్న. మీ జీవనాధారం కాబట్టి తూకంగా చెబుతాను. సీసం, కాడ్మియం చేప కండలో తక్కువగా, కాలేయంలో, మొప్పల్లో ఎక్కువగా చేరతాయి. చేపను శుభ్రం చేసేటప్పుడు అవి ఎలాగూ తీసేస్తాం. పాదరసం కండలోనే చేరుతుంది, అదీ సొర లాంటి, వేరే చేపలను వేటాడి తినే పెద్ద చేపల్లో ఎక్కువ. గుల్లల విషయంలో జాగ్రత్త కావాలి. కాకినాడ అఖాతంలో దొరికే బుడిత గుల్లలు ఉన్నాయి కదా, అవి నీటిని వడబోసి తింటాయి, బురదలోనే ఉంటాయి, కాడ్మియాన్ని కూడబెట్టుకునే గుణం ఆ జాతికి ఉంది. మురుగు గొట్టం పక్కన ఏరిన గుల్ల వేరు, శుభ్రమైన చోట ఏరిన గుల్ల వేరు. ఎక్కడ ఏరారన్నదే అసలు సంగతి. మానేయమని నేను చెప్పను. ఏడాదికి రెండుసార్లు గుల్లను, మండపీతను పరీక్ష చేయించి, ఆ అంకెలు తెలుగులో మీ రేవు దగ్గర బోర్డు మీద రాయమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇంకొకరు మొక్కలు నాటితే కాలుష్యం పోతుందా అని చీటీ పంపారు. పోదు. గొట్టం దగ్గర ఆపితేనే కొత్తది రాదు. పాతది బురదలో ఉంది, దాన్ని అక్కడే ఉండనివ్వాలి. నాటడం మంచిదే, ఎక్కడ నాటుతున్నామో చూసుకోవాలి. నీరు ఆడక ఉప్పు పేరుకున్న చోట ముందు కాలువలు తీసి ఆటుపోటు తెప్పించాలి. చేప ఎముకల ఆకారంలో కాలువలు తీసి మన గోదావరి డెల్టాలోనే పాడైన చోట్ల మడను మళ్ళీ పెంచారు. అయితే ఆ కాలువ తవ్వే చోట బురదలో ఏముందో ముందు కొలిచి తవ్వండి అంటాను. ఎందుకో ఇందాకే చెప్పాను.

సమయం అయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. రేపటి సంగతి చెప్పి దిగిపోతాను. అటవీశాఖ అనుమతి వచ్చింది. ఉదయం ఆటు సమయంలో బయలుదేరతాం, ఆలస్యమైతే పోటు వచ్చేస్తుంది, ఎవరి కోసమూ ఆగదు. మూడు చోట్ల బురద తీస్తాం, గొట్టంతో నిలువుగా, పొరలు కలవకుండా. తీసిన వెంటనే మూత బిగించాలి. గాలి తగిలితే ఏమవుతుందో మీకు ఇప్పుడు తెలుసు. ఇనుప పార తేవద్దు, ప్లాస్టిక్ చెంచాలు నేను తెస్తాను. లోహం కొలవడానికి వెళ్ళి ఇనుప పార వాడినవాళ్ళు ఉన్నారు, పేర్లు చెప్పను. వేళ్ళ మీద తుప్పు పొర చూపిస్తాను, భూతద్దం ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. పాత బట్టలు వేసుకోండి, మోకాలి దాకా దిగాలి. ఆకు నాకని వాళ్ళందరూ ముందు పడవలో ఎక్కండి.